గేటు దగ్గర నిలబడిన తల్లి

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మీలో చాలామంది పిల్లల ఆశ్రమాలకు నెలనెలా విరాళాలు పంపేవారే. విదేశాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లు కొందరు ఇంకో అడుగు వేసి, నేపాల్‌లోనో ఆఫ్రికాలోనో సొంతంగా ఒక ఇల్లు తెరవాలనుకుంటున్నారని నిర్వాహకులు చెప్పారు. ఆ సంకల్పం మంచిది. కాబట్టే ఈ సాయంత్రం స్థలం కొనడం గురించి, భవనం గురించి, వంటశాల గురించి నేను మాట్లాడను. అవి డబ్బుంటే జరిగే పనులు. నాకు తెలిసినంతలో, అయినవాళ్లు వదిలేసిన పిల్లల కోసం నడిపే ఇల్లు నిలబడేదీ కూలిపోయేదీ గేటు దగ్గరే. ఎవరి బిడ్డను తీసుకుంటారు? ఏం అడిగి తీసుకుంటారు? బిడ్డను తెచ్చిన తల్లి కళ్లలోకి చూసి మాట్లాడేవారు ఎవరైనా ఉన్నారా? రెండేళ్లు పోయాక ఆమె మళ్లీ వచ్చి నా బిడ్డను ఇవ్వండి అంటే ఏం జవాబు చెబుతారు? ఈ ప్రశ్నలకు రెండు వందల ఏళ్లకు పైగా రకరకాల జవాబులు వెతికిన ఒక సంస్థ ఉంది. దాని పద్దులు, చిట్టాలు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్. పేరు చూసి వైద్యశాల అనుకోకండి, అది వదిలేసిన పసిపిల్లలకు ఆశ్రయం.

దాన్ని స్థాపించిన థామస్ కోరం ఓడలు కట్టే పని నేర్చుకుని పెరిగిన మనిషి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో కొన్నేళ్లు ఓడల నిర్మాణం చేసి ఇంగ్లండుకు తిరిగి వచ్చారు. 1720ల మొదట్లో థేమ్స్ నది ఒడ్డున రాదర్‌హైద్‌లో ఉండేవారు. తెల్లవారకముందే పని మీద నగరంలోకి వెళ్తున్నప్పుడు, చీకటి పడ్డాక ఇంటికి వస్తున్నప్పుడు, దారి పక్కన పడేసిన పసికందులు ఆయన కంటపడేవారు. కొందరు బతికి ఉండేవారు, కొందరి ప్రాణం అప్పటికే పోయి ఉండేది. ఫ్లోరెన్స్ నగరంలో ఇలాంటి పిల్లలకు 1445లోనే ఒక ఇల్లు తెరిచారు. పారిస్‌లోనూ ఉంది. అంత సంపన్నమైన లండన్‌లో లేదు. ఎందుకు లేదంటే, అలాంటి ఇల్లు పెడితే పెళ్లికాని తల్లులకు ధైర్యం వస్తుందని, నీతి చెడుతుందని పెద్దమనుషుల వాదన. ఈ వాదన మనకు కొత్తదేమీ కాదు.

అలాంటి ఇంటికి రాజు అనుమతి కోరే అర్జీ మీద పెద్దమనుషుల సంతకాల కోసం కోరం పదిహేడేళ్లు తిరిగారు. ఆయనకు హోదా లేదు, చదువరి కాదు, మాట కటువు. మగవాళ్లు సంతకం పెట్టకపోతే ఆడవాళ్లను అడగాలని ఆయనకు తోచింది. అదే మలుపు. 1729లో సోమర్సెట్ డచెస్ మొదటి సంతకం చేశారు. 1735 నాటికి 21 మంది పెద్దింటి స్త్రీలు సంతకాలు చేసిన అర్జీ రాజుకు చేరింది. భార్యలు ముందుకొచ్చాక భర్తలు వెనకాడలేకపోయారు. 1739 అక్టోబరు 17న రెండో జార్జి రాజు శాసనపత్రం ఇచ్చారు. అప్పటికి కోరం వయసు డెబ్బై దాటింది. ఆయనకు సొంత పిల్లలు లేరు.

1741 మార్చి 25 రాత్రి ఎనిమిది గంటలకు, హాటన్ గార్డెన్‌లో అద్దెకు తీసుకున్న ఇంటి తలుపు తెరిచారు. తెచ్చినవారి ముఖం కనపడకూడదని గుమ్మం దగ్గరి దీపం ఆర్పేశారు. మీ పేరేమిటి, బిడ్డ తండ్రి ఎవరు అని ఎవరూ అడగలేదు. రెండు నెలల లోపు వయసు, అంటురోగం లేకపోవడం, ఈ రెండే షరతులు. అర్ధరాత్రికల్లా 30 మంది బిడ్డలతో ఇల్లు నిండిపోయింది. బయట ఇంకా తల్లులు నిలబడే ఉన్నారు. బిడ్డను లోపలికి ఇచ్చి వెళ్తున్న తల్లి ఎంత ఏడ్చిందో, చోటు లేక బిడ్డతోనే వెనుదిరిగిన తల్లి కూడా అంతే ఏడ్చిందని ఆ రాత్రి చిట్టాలో రాసుకున్నారు. ఈ వాక్యం దగ్గర కాస్త ఆగండి. ఇద్దరి ఏడుపూ ఒకటే. అంటే బిడ్డ మీద ప్రేమ లేక వదిలేసే తల్లులు, ప్రేమ ఉండి పెంచుకునే తల్లులు అని మనం మనసులో గీసుకున్న గీత ఆ గుమ్మం దగ్గర మొదటి రాత్రే చెరిగిపోయింది.

తర్వాత రోజుల్లో రద్దీ ఎంత పెరిగిందంటే, తలుపు దగ్గర ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుని ముందుకు రావలసి వచ్చింది. దాంతో 1742లో చీటీల పద్ధతి లాంటిది పెట్టారు. సంచిలో తెల్లవి, ఎర్రవి, నల్లవి బంతులు. తల్లి సంచిలో చెయ్యి పెట్టి ఒక బంతి తీయాలి. తెల్లది వస్తే బిడ్డకు ఆరోగ్య పరీక్ష చేసి తీసుకుంటారు. నల్లది వస్తే బయటకు. ఎర్రది వస్తే ఆగాలి, తెల్ల బంతి తీసిన బిడ్డల్లో ఎవరికైనా జబ్బు ఉందని తేలితే ఆ ఖాళీలో చోటు దొరుకుతుంది. ఇంకోలా చెప్పాలంటే, తన బిడ్డ బతకాలంటే పక్కన కూర్చున్నామె బిడ్డకు రోగం ఉండాలి. ఇది చూడటానికి గొప్పింటి స్త్రీలు ఆహ్వానం మీద వచ్చి కూర్చునేవారు. పక్షపాతం జరగకూడదని గవర్నర్లు, అంటే సంస్థను నడిపే పాలకమండలి సభ్యులు, ఈ ఏర్పాటు చేశారు, వాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. కానీ న్యాయంగా ఉండటానికి, దయగా ఉండటానికి మధ్య ఎంత దూరం ఉందో నాకు ఈ బంతుల సంచి చూసినప్పుడే అర్థమైంది.

ఇక డబ్బు సంగతి. బ్లూమ్స్‌బరీ పొలాల్లో 56 ఎకరాలు కొని పెద్ద భవనం కట్టారు. చిత్రకారుడు విలియం హోగార్త్ గవర్నర్లలో ఒకరు. ఆయన తాను గీసిన కోరం చిత్రపటాన్ని ఇచ్చి, తోటి చిత్రకారుల చేత కూడా చిత్రాలు ఇప్పించారు. బొమ్మలు చూడటానికి జనం వచ్చేవారు, వచ్చినవారు చందాలు ఇచ్చేవారు. సంగీతకారుడు హాండెల్ 1750 నుంచి ఏటా అక్కడి ప్రార్థనా మందిరంలో తన 'మెస్సయ్య' కచేరీ ఏర్పాటు చేసి, వచ్చినదంతా పిల్లలకే ఇచ్చారు. ఆ కచేరీల మీద మొత్తం ఏడు వేల పౌండ్ల దాకా వచ్చింది. 1759లో ఆయన కన్నుమూసినప్పుడు ఆ కృతి ప్రతి ఒకటి ఈ సంస్థకు చెందాలని వీలునామాలో రాసి ఉంది. కళాకారులు ఒక సేవా సంస్థను ఇలా ఏళ్ల తరబడి భుజాన మోయడం నాకు చాలా ఇష్టమైన ఘట్టం.

అయితే కళాకారుల డబ్బు షరతులు పెట్టలేదు. ప్రభుత్వ డబ్బు పెట్టింది. 1756లో పార్లమెంటు పది వేల పౌండ్లు మంజూరు చేస్తూ, తెచ్చిన బిడ్డనల్లా తీసుకోవాలని నిబంధన పెట్టింది. జూన్ 2న గేటు బార్లా తెరిచారు. మొదటి రోజే 117 మంది పిల్లలు వచ్చారు. గేటుకు ఒక బుట్ట వేలాడదీశారు. బిడ్డను అందులో పెట్టి గంట కొట్టి వెళ్లిపోవచ్చు. వయసు పరిమితిని కూడా క్రమంగా పన్నెండు నెలలకు పెంచారు. మనసున్న ఎవరికైనా ఇది మంచి పనిగానే కనిపిస్తుంది. ఎవరినీ కాదనం, అందరినీ తీసుకుంటాం అనడం కంటే గొప్ప మాట ఏముంటుంది?

ఏం జరిగిందో చూడండి. దూరపు ఊళ్ల నుంచి డబ్బు తీసుకుని బిడ్డలను మోసుకొచ్చే దళారులు పుట్టుకొచ్చారు. గుర్రాలకు అటూ ఇటూ గంపలు కట్టి, వాటిలో పసివాళ్లను కుక్కి తెచ్చేవారు. దారిలోనే చాలామంది చనిపోయేవారు. పేదల పోషణ భారం మోయవలసిన స్థానిక అధికారులు, తమ ఖర్చు తగ్గుతుందని, ఇవ్వనంటున్న తల్లుల దగ్గర నుంచి కూడా బిడ్డలను లాక్కుని పంపిన సందర్భాలు ఉన్నాయి. నాలుగేళ్లలో వచ్చిన పిల్లలు 14,934 మంది. వారిలో పెరిగి పెద్దయి ఏదో ఒక పనిలో చేరే వయసు దాకా బతికినవారు దాదాపు 4,400 మంది. మిగతా పదివేల మందికి పైగా చనిపోయారు. 1760 మార్చిలో పార్లమెంటు ఈ పద్ధతిని ఆపేసింది. అప్పటికే తీసుకున్న పిల్లల ఖర్చు మాత్రం 1771 దాకా భరించింది.

ఆశ్రమం పెట్టాలనుకుంటున్న మిత్రులు ఈ నాలుగేళ్ల చరిత్రను మనసులో పెట్టుకోవాలని నా మనవి. తెరిచిన గేటు పిల్లల కోసం ఎదురుచూస్తూ ఊరుకోదు, పిల్లలను పుట్టిస్తుంది. మంచాలు వేస్తే మంచాలు నింపేవారు వస్తారు. ఇది పాతకాలపు లండన్‌తో పోలేదు. నేపాల్ అంతర్యుద్ధం జరిగిన 1996-2006 మధ్య, హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల తల్లిదండ్రుల దగ్గరకు దళారులు వెళ్లి, మీ పిల్లలను ఖాట్మండూలో చదివిస్తామని చెప్పి డబ్బు తీసుకుని తెచ్చారు. తెచ్చిన పిల్లలకు తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు పుట్టించి, విదేశీ దాతలకు అనాథలుగా చూపించారు. దాతలు మోసగాళ్లు కారు, కన్నీళ్లతో ఇచ్చినవారే. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటు సంఘం ఆధునిక బానిసత్వం మీద ఇచ్చిన నివేదికలో అనాథాశ్రమాలకు పిల్లల తరలింపు ఒక ముఖ్యాంశమైంది. విదేశీ ఆశ్రమానికి డబ్బు పంపే మనం ఈ గొలుసులో చివరి కొస పట్టుకుని ఉన్నామో లేదో తెలుసుకోవలసిన బాధ్యత మనదే.

ఇప్పుడు ఆ సంస్థ బాగా చేసిన పని చెబుతాను. వచ్చిన పసివాళ్లను పెద్ద భవనంలో ఉంచుకోలేదు. ఒకటి రెండు రోజుల్లోనే పల్లెల్లో పాలిచ్చే దాదుల ఇళ్లకు పంపించారు. దాదికి వారానికి రెండున్నర షిల్లింగులు. బిడ్డ మొదటి ఏడాది దాటితే అదనంగా పది షిల్లింగులు. ఆ చుట్టుపక్కల ఉండే చదువుకున్న స్త్రీలు, జీతం లేకుండా, ఇల్లిల్లూ తిరిగి బిడ్డలు ఎలా ఉన్నారో చూసి ఉత్తరాలు రాసేవారు. మశూచికి టీకాలు లేని ఆ కాలంలోనే, మశూచి రసిని ఎక్కించే పద్ధతిని 1740లలోనే అక్కడి పిల్లలకు మొదలుపెట్టారు. ఒక బిడ్డకు ఒక ఒడి ఉంటే బతికే అవకాశం పెరుగుతుందని వాళ్లు ప్రయోగశాలలు లేకుండానే గ్రహించారు.

కానీ ఐదేళ్లు వచ్చేసరికి బిడ్డను వెనక్కి పిలిచేవారు. అమ్మా అని పిలవడం ఎవరి ఒడిలో నేర్చుకున్నాడో ఆమె దగ్గర నుంచి బండి ఎక్కించి, లండన్‌లో బారులు తీరిన మంచాల మధ్యకు తెచ్చేవారు. మన కర్ణుడి కథ గుర్తొస్తుంది నాకు. కన్నతల్లి కుంతి వచ్చి నిజం చెప్పినా ఆయన రాధ కొడుకుగానే ఉండిపోయాడు, రాధేయుడనే పేరు వదులుకోలేదు. మనసుకు తల్లి ఎవరో ఐదేళ్ల బిడ్డకు కూడా తెలుసు. ఆ బిడ్డకు మొదటి వేరు చేయడం గుర్తుండదు, రెండో వేరు చేయడం జీవితాంతం గుర్తుంటుంది. 1954 దాకా, అంటే మన తాతల కాలం దాటి తండ్రుల కాలం దాకా, ఈ పద్ధతి నడిచింది. అక్కడ పెరిగి వృద్ధులైనవారు తమ జ్ఞాపకాల్లో ఆ బండి ప్రయాణాన్నే పదే పదే చెప్పుకున్నారు.

లండన్‌లో బ్రన్స్‌విక్ స్క్వేర్ దగ్గర 2004లో ఫౌండ్లింగ్ మ్యూజియం తెరిచారు. వెళ్లగలిగినవారు తప్పక వెళ్లండి. అక్కడ అద్దాల పెట్టెల్లో ఆనవాళ్లు ఉంటాయి. సగం విరిచిన నాణెం, పేరు గీసిన బిళ్ల, ఒక గింజ పెంకు, బొత్తాము, రిబ్బను ముక్క. బిడ్డను ఇచ్చేటప్పుడు తల్లులు వదిలివెళ్లినవి. ఎందుకంటే లోపలికి వెళ్లగానే బిడ్డకు కొత్త పేరు పెట్టేవారు, మెడలో అంకె ఉన్న బిళ్ల కట్టేవారు. పాత పేరు ఎక్కడా ఉండదు. ఎప్పటికైనా తిరిగి వస్తే ఇది నా బిడ్డే అని చూపించడానికి తల్లికి ఆ ఆనవాలు ఒక్కటే ఆధారం. ఏమీ లేనివారి బిడ్డల విషయంలో గుమస్తాలే బిడ్డ ఒంటి మీది గుడ్డ ముక్క కత్తిరించి కాగితానికి గుచ్చేవారు. అలాంటి గుడ్డ ముక్కలు దాదాపు ఐదు వేలు మిగిలాయి. పద్దెనిమిదో శతాబ్దంలో పేద స్త్రీలు ఏం కట్టుకున్నారో చెప్పే సేకరణ బ్రిటన్‌లో ఇంత పెద్దది ఇంకొకటి లేదు.

1741 నుంచి 1760 వరకు చేరిన పిల్లలు 16,282 మంది. వారిలో కన్నవారు తిరిగి వచ్చి తీసుకెళ్లినది 152 మందిని. అంటే నూటికి ఒక్కరు కూడా కాదు. తల్లులకు ప్రేమ లేక కాదు. మొదట్లో బిడ్డను తిరిగి తీసుకోవాలంటే అప్పటిదాకా అయిన ఖర్చు కట్టమనేవారు. బిడ్డను పెంచలేక ఇచ్చిన మనిషి ఆ ఖర్చు ఎలా కడుతుంది? వచ్చినా చాలాసార్లు బిడ్డ అప్పటికే చనిపోయి ఉండేవాడు. ఒక తల్లి మాత్రం ఎనిమిదేళ్ల తర్వాత, అతుకుల గుడ్డ మీద సగానికి కత్తిరించిన హృదయాకారపు కుట్టుపని తెచ్చి, తన కొడుకును వెనక్కి తీసుకెళ్లింది. ఆ రెండో సగం ఇంకా చిట్టాలో ఉంది.

ఆదివారాల సంగతి కూడా చెప్పాలి. పిల్లలు ఒకే రకం బట్టలు వేసుకుని, వరసగా కూర్చుని భోజనం చేస్తుంటే చూడటానికి నగరంలోని సంపన్నులు వచ్చేవారు. ఏళ్ల తరబడి అదొక వేడుక. మనవాళ్లు పుట్టినరోజులకు, పెద్దల సంవత్సరీకాలకు ఆశ్రమాలకు వెళ్లి భోజనం పెట్టి, కేకు కోయించి, ఫొటోలు తీసుకుంటారు. అన్నం పెట్టడం తప్పని నేను ఎన్నడూ అనను. ఆ బిడ్డ నెలలో ఇరవై మంది కొత్త ముఖాల ముందు పాట పాడి కృతజ్ఞత చెప్పాల్సి వస్తోందని మాత్రం గుర్తు చేస్తున్నాను. భోజనం డబ్బు పంపండి, వడ్డించే పని వాళ్ల ఆయాలకు వదిలేయండి.

పెరిగిన పిల్లలను మగవాళ్లయితే ఓడల్లో, పొలాల్లో, ఆడపిల్లలైతే ఇళ్లల్లో పనికి కుదిర్చేవారు. ఎలిజబెత్ బ్రౌన్‌రిగ్ అనే ఆమె ఇంటికి పంపిన ఒక అమ్మాయి 1765లో ఒంటి నిండా దెబ్బలతో తప్పించుకుని తిరిగి వచ్చింది. గవర్నర్లు బ్రౌన్‌రిగ్ కుటుంబాన్ని సంజాయిషీ అడిగి, అమ్మాయిని ఆ ఒప్పందం నుంచి విడిపించి, అంతటితో వదిలేశారు. 1767లో అదే ఇంట్లో మరో చోటు నుంచి వచ్చిన పనిపిల్ల చిత్రహింసలకు చనిపోయింది. బ్రౌన్‌రిగ్‌ను ఉరి తీశారు. తమ పిల్ల బయటపడింది కదా అని ఊరుకున్నవారికి ఆ రెండో పిల్ల చావులో భాగం లేదని నేను అనలేను. బాలికను ఇంటిపనికి, ఉద్యోగానికి, పెళ్లికి పంపాక ఆశ్రమం బాధ్యత తీరిందని చెప్పేవారిని నమ్మకండి.

పెద్ద భవనాల విషయంలో మన కాలపు సాక్ష్యం రొమేనియా. 1966లో చౌషెస్కు ప్రభుత్వం గర్భస్రావాలను నిషేధించింది. పెంచలేని బిడ్డలతో ప్రభుత్వ ఆశ్రమాలు నిండాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలిపోయేనాటికి లక్షకు పైగా పిల్లలు వాటిలో ఉన్నారు. 2000లో బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల మీద ఒక అధ్యయనం మొదలైంది. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, సగం మంది ఉన్నచోటే ఉండగా గమనించారు. కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు తెలివితేటల్లో, మాటల్లో, మనిషితో అనుబంధంలో కోలుకున్నారు. రెండేళ్లలోపు వెళ్లినవారు మరింత బాగా కోలుకున్నారు. తర్వాత ఆ దేశం రెండేళ్లలోపు పిల్లలను ఆశ్రమాల్లో ఉంచకూడదని చట్టం చేసింది.

మన దేశం దగ్గరకు వస్తే, 2015 నాటి బాలల న్యాయ చట్టం గేటు దగ్గరి విషయాల్లో చాలా ఆలోచించి రాసినది. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందుకు వచ్చి అప్పగించవచ్చు. ఆమెతో మాట్లాడి, కౌన్సెలింగ్ ఇచ్చి, మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఇవ్వాలి. తన చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డను వదిలిన కన్నవారికి ఆ చట్టంలోని క్రూరత్వపు శిక్ష వర్తించదు. ఎవరో వదిలేసిన బిడ్డ దొరికితే ముందు కన్నవారి కోసం వెతకాలి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేస్తే చాలు, ఈ దారి మొదలవుతుంది. ఊరి చివర ఆశ్రమానికి నేరుగా తెచ్చి ఇవ్వడం, వాళ్లు చిట్టా లేకుండా తీసుకోవడం నేరం. అయినా జరుగుతూనే ఉంది.

మీరు డబ్బు పంపే ఇల్లు ఏ దేశంలో ఉన్నా, ఈసారి ఉత్తరం రాసేటప్పుడు ఎంతమంది పిల్లలు ఉన్నారని అడగకండి. నిరుడు ఎంతమంది సొంత ఇంటికి తిరిగి వెళ్లారని అడగండి. వచ్చిన తల్లికి ఆరు నెలల బియ్యం, అద్దె ఇస్తే బిడ్డ ఆమె దగ్గరే ఉండేదా, అలా ఇవ్వడానికి మీ దగ్గర నిధి ఉందా అని అడగండి. బిడ్డ పుట్టిన ఊరు, అసలు పేరు, తెచ్చినవారి వివరాలు ఉన్న కాగితం పెద్దయ్యాక ఆ బిడ్డ చేతికి ఇస్తారా అని అడగండి. కోరం పేరుతో లండన్‌లో ఈనాటికీ ఒక సేవా సంస్థ నడుస్తోంది. దానికి ఇప్పుడు పిల్లల భవనం లేదు. దత్తత, కుటుంబాలకు సాయం, పిల్లలకు న్యాయ సలహా, ఇవే దాని పనులు. పాత భవనం ఉన్నచోట పిల్లల ఆటస్థలం ఉంది, పెద్దలు ఒక్కరే వస్తే లోపలికి పంపరు, పిల్లలతో కలిసి రావాలి.

ఆఫ్రికాలో స్థలం చూస్తున్న మిత్రులు కాగితాలు తెచ్చారని విన్నాను. సభ అయ్యాక కూర్చుని చూద్దాం. ముందు మీ ప్రశ్నలు అడగండి.